ఫేస్‌ప్లేటా, చక్కా? ఒక గుంటూరు వడ్రంగి తొలి చెక్క గిన్నెల కేసు

ఈ కేసులోని మనిషి గుంటూరులో ఫర్నిచర్ పని చేసే వడ్రంగి. తరిమెన (లేత్) పని అతనికి కొత్త కాదు. మంచం కోళ్లు, మెట్ల కడ్డీలు, దేవుడి మందిరం స్తంభాలు తిప్పిన చెయ్యి. గిన్నె మాత్రం ఎన్నడూ తిప్పలేదు. విజయవాడలో నా షెడ్డుకు వచ్చి అడిగింది ఒక్కటే: "మాస్టారూ, డబ్బులు ఒకదానికే ఉన్నాయి. ఫేస్‌ప్లేటు కొనుక్కోనా, చక్ కొనుక్కోనా?"

రెండూ ముక్కను లేత్ మీద పట్టి ఉంచేవే: ఫేస్‌ప్లేటు స్క్రూలతో చెక్కకు బిగించే లోహపు పళ్లెం, చక్ దవడలతో పట్టుకునేది. గిన్నెల పని మొదలుపెట్టే ప్రతివాళ్లూ ఇదే అడుగుతారు. ఇతని కేసు విడిగా రాయడానికి కారణం ఉంది. చెక్క మీద పట్టున్న మనిషి కాబట్టి ఎక్కడ చెడినా అది చేతకానితనం వల్ల కాదు, పట్టు ఎంచుకోవడం వల్లే అని తేలిగ్గా తెలిసింది. కొత్తవాళ్ల విషయంలో ఆ రెండూ కలిసిపోయి ఏది ఎందుకు జరిగిందో తేలదు.

కోళ్లు తిప్పేటప్పుడు కర్రకు రెండు కొసలా ఆధారం ఉంటుంది. ఒక పక్క తిప్పే హెడ్‌స్టాక్ ముళ్లు, రెండో పక్క ఎదురుగా ఆనే టెయిల్‌స్టాక్ సెంటరు. కర్ర నార పొడవునా నడుస్తుంది. గిన్నెకు ఈ రెండూ తారుమారవుతాయి. లోపల తవ్వాలంటే ఒక ముఖం పూర్తిగా ఖాళీగా ఉండాలి, అంటే బరువంతా ఒక్క వైపు పట్టు మీదే వేలాడుతుంది. పైగా నార అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒక్క చుట్టులో ఉలి రెండుసార్లు నారతో పాటు, రెండుసార్లు నారకు ఎదురు కోస్తుంది. ఆ కుదుపంతా పట్టు మీదకే వస్తుంది.

చేతిలో ఉన్నవి

లేత్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న మిడి సైజుది. బెడ్డు మీద 12 అంగుళాల వ్యాసం దాకా తిరుగుతుంది. స్పిండిల్, అంటే చక్ ఎక్కే ఇరుసు, 1 అంగుళం, అంగుళానికి 8 మరలు. బెల్టు మార్చి వేగం మార్చుకునే రకం. అన్నిటికన్నా తక్కువ వేగం నిమిషానికి 500 చుట్లు. మిడి లేతుల్లో ఈ 1 అంగుళం 8 మరల స్పిండిలే ఎక్కువగా కనిపిస్తుంది. పెద్ద లేతుల్లో 33 మిల్లీమీటర్లు, 3.5 పిచ్ గానీ, అంగుళంపావు, 8 మరలు గానీ ఉంటాయి. చక్ అయినా ఫేస్‌ప్లేటు అయినా కొనేముందు మొదట చూడాల్సింది స్పిండిల్ మరే. ఇది చెప్పాల్సిన మాటేనా అనిపిస్తుంది గానీ, మర సరిపోని చక్కులు అటకల మీద పడి ఉండటం చాలా చోట్ల చూశాను.

చెక్క మామిడి. గుంటూరులో కట్టెల అడితి నుంచి తెచ్చి, సామిల్లులో పలకలు కోయించి, రెండేళ్లుగా షెడ్డులో ఆరబెట్టింది. గిన్నెలు నేర్చుకోవడానికి మన ప్రాంతంలో మామిడిని మించింది లేదని నా అభిప్రాయం. మరీ గట్టిది కాదు, జిగురు బాగా పడుతుంది, పాడైనా బాధ ఉండదు. పురుగు పట్టకుండా చూసుకుంటే చాలు. మొదటి ముక్కకు 200 మిల్లీమీటర్ల వ్యాసం, 75 మందం ఖాయం చేశాం. ఆరిన మామిడిలో అది ఒకటిన్నర కిలో బరువుంటుంది.

వేగం గురించి ఇక్కడే చెప్పేస్తాను. అతని చెయ్యి అలవాటు పడింది 2000 చుట్లకు. రెండంగుళాల కోడు ఆ వేగంలో తిరిగితే దాని అంచు సెకనుకు 5 మీటర్లు కదులుతుంది. అదే వేగంలో ఈ గిన్నె ముక్క అంచు 21 మీటర్లు కదులుతుంది, అంటే గంటకు 75 కిలోమీటర్లు. గిన్నె పనికి వాడే లెక్క ఏమిటంటే, వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని చుట్లతో గుణిస్తే 6000కు, 9000కు మధ్య రావాలి. 8 అంగుళాలకు 750 నుంచి 1100. ముక్క ఇంకా గుండ్రం కాకముందు అంతకన్నా తక్కువే. బెల్టు 500 మీదే పెట్టి, గుండ్రమయ్యేదాకా ముట్టుకోవద్దని చెప్పాను.

నేను ఎదురడిగిన ప్రశ్న

"నీకు కావాల్సింది గిన్నెలా, భరిణెలా?"

కుంకుమ భరిణెలు, చిన్న డబ్బాలు, గ్లాసుల్లాంటివి నిలువు నార పని. ముక్క కొసలో స్క్రూ బిగిస్తే అది నార పోగుల మధ్యకు దూరుతుంది, కొద్ది బలానికే ఊడి వస్తుంది. అక్కడ ఫేస్‌ప్లేటు పనికిరాదు, చక్ కావాలి. గిన్నెకు పలక ముఖంలోకి స్క్రూ వెళ్తుంది, నారను అడ్డంగా పట్టుకుంటుంది. అక్కడ ఫేస్‌ప్లేటును మించిన గట్టి పట్టు లేదు. కొండపల్లి మనకు ఇంత దగ్గరగా ఉన్నా ఈ విషయంలో అక్కడి పని ఆసరా కాదు. తెల్లపొణికి బొమ్మలు చెక్కేవి, తిప్పేవి కావు. తిప్పి లక్క పట్టించే పని ఏటికొప్పాకది, అంకుడు కర్రతో. అదీ ఎక్కువగా నిలువు నారే.

అతనికి కావాల్సింది గిన్నెలు. పళ్లు పెట్టుకునే 8 అంగుళాల గిన్నె, తర్వాత ఇంకా పెద్దవి. భరిణెల మాట తర్వాత చూద్దామన్నాడు.

రెండో దారి ఒకటి అతనే తెచ్చాడు. తెలిసినవాళ్ల ఇంజనీరింగ్ షాపులో పాత మూడు దవడల ట్రూ చక్ ఒకటి ఉందట, ఉత్తి పుణ్యానికి ఇస్తామన్నారట. నాలుగు దవడలది, దవడ దవడకూ విడిగా తాళం తిప్పే డాగ్ చక్ కూడా ఉందట. రెండూ ఇనుము పట్టుకోవడానికి చేసినవి. ట్రూ చక్ మూడు చోట్లే నొక్కుతుంది, చెక్క అక్కడ నలిగి వదులవుతుంది. డాగ్ చక్‌తో కేంద్రం కుదుర్చుకోవడానికే పూట గడుస్తుంది. రెండింటిలోనూ దవడలు చక్ ఒంటి నుంచి బయటికి పొడుచుకొస్తాయి. ఇనుప లేత్‌లో పనిముట్టు టూల్‌పోస్టులో బిగిసి ఉంటుంది, మనిషి చెయ్యి దూరంగా ఉంటుంది. చెక్క లేత్‌లో గౌజ్ (గాడి ఉన్న ఉలి) పట్టుకున్న చెయ్యి ఆ దవడలకు జానెడు దూరంలో ఆడుతుంది. వేళ్ల కణుపులు పోతాయి. పైగా మిడి లేత్ స్పిండిల్‌కు ఆ బరువు ఎక్కువ. ఉత్తి పుణ్యానికి వచ్చినా వద్దన్నాను.

చెక్క పనికి చేసిన నాలుగు దవడల స్క్రోల్ చక్ వేరు. ఒక తాళం తిప్పితే నాలుగు దవడలూ కలిసి కదులుతాయి, గిన్నె అడుగున తీసి ఉంచిన గుండ్రటి తోకను చుట్టూ పట్టుకుంటాయి. మంచి వస్తువే. కానీ అతని దగ్గరున్న డబ్బుకు అది కొంటే గౌజ్ కొనడానికి మిగలదు. గిన్నె తవ్వే గౌజ్ లేకుండా కోళ్లు తిప్పే రఫింగ్ గౌజ్‌తో గిన్నెలోకి వెళ్తే అది నారలో దిగబడి మెడ దగ్గర విరుగుతుంది. అది ఎవరికీ ఒప్పుకోను. అందుకని తీర్మానం ఇలా అయింది: గౌజ్, ముఖానికి షీల్డు కొనాలి. ఫేస్‌ప్లేట్లు కొనకూడదు, చేయించాలి. ఒకటి కాదు, రెండు. చక్ తర్వాత.

ఆటోనగర్‌లో

విజయవాడలో ఉండి ఫేస్‌ప్లేటు కొనుక్కోవడం నాకు నచ్చదు. ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు తిప్పే టర్నర్లకు ఇది చిన్న పని. 100 మిల్లీమీటర్ల వ్యాసం, 8 మందం ఉన్న ఎమ్మెస్ ప్లేటు, వెనక బాసు (స్పిండిల్ మీద ఎక్కే లావు మెడ), బాసులో మర, ప్లేటులో స్క్రూల కోసం ఎనిమిది రంధ్రాలు. అయితే రెండు విషయాలు ముందే చెప్పకపోతే పని చెడుతుంది.

మొదటిది మర. 1 అంగుళం, 8 మరలు అనగానే షాపుల్లో చాలామంది బీఎస్‌డబ్ల్యూ ట్యాపు తీస్తారు. దానికీ అంగుళానికి 8 మరలే. కానీ బీఎస్‌డబ్ల్యూ మర కోణం 55 డిగ్రీలు. ఈ లేతుల స్పిండిల్ మర 60 డిగ్రీల యూఎన్‌సీ. మరల సంఖ్య ఒకటే కాబట్టి ఎక్కుతుంది, ఎక్కింది కదా అని ఇచ్చేస్తారు. పక్కలు పూర్తిగా ఆనవు, కాస్త ఆట మిగులుతుంది. అందుకే స్పిండిల్ మీద ఎక్కే పాత నట్టో, లేత్‌తో వచ్చిన చిన్న ప్లేటో నమూనాగా తీసుకెళ్లమన్నాను. అతను లేత్‌తో వచ్చిన మూడంగుళాల అల్యూమినియం ప్లేటు పట్టుకెళ్లాడు. (అది అప్పటికే ఉంది. మరి అదెందుకు వాడకూడదని మీకు అనిపించొచ్చు. దాని ముఖం మధ్యలో ఉబ్బి ఉంది. చెక్క మీద పెడితే గిరగిరా ఆడేది.)

రెండోది ఇంకా ముఖ్యం. ఫేస్‌ప్లేటు నిలిచేది మర మీద కాదు. మర లాగుతుందంతే. నిలిచేది బాసు వెనక ముఖం స్పిండిల్ భుజానికి ఆనిన చోట. ఆ ముఖం మరకు నిక్కచ్చిగా లంబంగా లేకపోతే ఎంత బిగించినా ప్లేటు ఊగుతుంది. కాబట్టి ముక్కను ఒక్కసారి బిగించి, అదే బిగింపులో బోరు, మర, వెనక ముఖం మూడూ పూర్తి చేయాలి. తర్వాత మర కోసిన మాండ్రెల్ (ఇరుసు కడ్డీ) మీద ఎక్కించి ముందు ముఖం తీయాలి. బాసు నోట్లో మొదటి మర దగ్గర కొద్దిగా వెడల్పు చేయాలి, లేకపోతే స్పిండిల్ భుజం దగ్గరి మర అడ్డం పడి ముఖం ఆనదు. బాసు పక్కన తల లేని చిన్న గ్రబ్ స్క్రూ ఒకటి పెట్టించాం. లేత్‌ను వెనక్కి తిప్పి ఇసుక కాగితం పట్టేటప్పుడు ప్లేటు మర ఊడి వచ్చేయకుండా అది ఆపుతుంది.

ముందు ముఖం సమంగా ఉండనక్కర్లేదు. మధ్యలో వెంట్రుక మందం లోతుగా ఉన్నా మంచిదే, అంచు చుట్టూ ఆనుతుంది. ఉబ్బితే మాత్రం పనికిరాదు.

డయల్ గేజ్ లేకపోయినా పరీక్ష చేయొచ్చు. ప్లేటు బిగించి, ఉలి ఆనించే టూల్ రెస్టు మీద పెన్సిలు ఆనించి, మొన ప్లేటు అంచు ముఖానికి తగీతగలనట్టు పెట్టి చేత్తో తిప్పాలి. గీత చుట్టూ పడితే సరే, ఒక పక్కే పడితే ఊగుతోంది. మొదటి ప్లేటు బాగా వచ్చింది. రెండోది ఒక పక్క గీసింది. వెనక్కి పంపితే అదే రోజు సరిచేసి ఇచ్చారు. రెండు ప్లేట్లకూ అయిన ఖర్చు కొత్త చక్ ధరలో చిన్న ముక్క.

స్క్రూల సంగతి

వడ్రంగి పెట్టెలో ఎప్పుడూ ఉండేవి జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలు. ప్లైవుడ్ పనికి అలవాటైపోయాయి. అతను వాటితోనే బిగించాడు. ఎనిమిదింటిలో రెండు తలలు బిగిస్తుండగానే పుటుక్కుమన్నాయి. ఆ స్క్రూలు గట్టి పడేలా కాల్చినవి, సన్నటివి, వంగవు, విరుగుతాయి. ఫేస్‌ప్లేటు పని చేసేటప్పుడు బలం పక్కకు తోస్తుంది. అలా తోసినప్పుడు వంగగలిగిన స్క్రూ కావాలి. రేకులకు వాడే లావు స్క్రూలు, 12 లేదా 14 నంబరువి, 32 మిల్లీమీటర్ల పొడవు తెప్పించాం. 8 మిల్లీమీటర్లు ప్లేటులో పోగా 24 చెక్కలో దిగుతుంది. ముందు సన్న రంధ్రం వేసి, మరకు కొంచెం మైనం రాసి, చేత్తో బిగించాలి. డ్రిల్లు మెషీన్ పెట్టి దడదడా బిగిస్తే చెక్కలో మర చెడిపోతుంది, పట్టు పోతుంది. విరిగిన రెండింటి మొండాలు చెక్కలోనే ఉండిపోయాయి. వాటిని తీయకుండా గౌజ్ పెట్టనివ్వలేదు.

పట్టు ఏ ముఖానికి?

ఈ కేసులో అసలు విషయం ఇదే. ఏది కొనాలన్నది దీని తర్వాతి మాట.

అతని మొదటి ఆలోచన ప్లేటును గిన్నె అడుక్కు బిగించడం. బయటా లోపలా అంతా ఒకే బిగింపులో అయిపోతుందని. అడుగున పడిన స్క్రూ రంధ్రాలకు లప్పం పెట్టి, పైన ఫెల్టు గుడ్డ అతికిస్తానన్నాడు. ఫర్నిచర్ మనిషి ఆలోచన, తప్పు పట్టలేను. లెక్క వేసి చూపించాను. 75 మందంలో స్క్రూలు 24 తినేస్తాయి. వాటి మొనలు గిన్నె లోపల కనిపించకుండా మరో 8 వదలాలి. ఇక తవ్వడానికి మిగిలింది 40 మిల్లీమీటర్ల పైచిలుకే. పొయ్యి దిమ్మె లాంటి అడుగున్న పళ్లెం వస్తుంది, గిన్నె రాదు.

అదే ప్లేటును తవ్వబోయే ముఖానికి బిగిస్తే? రంధ్రాలు పడేది ఎలాగూ తీసి పారేసే చెక్కలో. 24 లోతు స్క్రూలు, 60 లోతు తవ్వకం. రంధ్రాల ఆనవాలు కూడా మిగలదు. కాబట్టి మొదటి బిగింపు ఎప్పుడూ గిన్నె నోటి వైపే. ఆ బిగింపులో బయటి ఆకారం, అడుగు పూర్తి చేయాలి. తర్వాత గిన్నెను తిరగేసి అడుగు వైపు పట్టాలి. ఆ రెండో పట్టు మాత్రమే చక్‌తోనా, ఫేస్‌ప్లేటుతోనా అన్న ప్రశ్నకు తావిస్తుంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. స్క్రూల వలయం గిన్నె లోపలి వాలు కన్నా బాగా లోపల ఉండాలి. 100 ప్లేటులో స్క్రూలు 80 వలయం మీద ఉన్నాయి. 200 నోరున్న గిన్నెలో వాటి చుట్టూ చాలా జాగా మిగులుతుంది. ఎక్కువ గట్టి పట్టు కదా అని అదే ముక్కకు 150 ప్లేటు వాడితే, వాలు ఎక్కువున్న గిన్నెలో స్క్రూ మొనలు గోడలోంచి తొంగిచూస్తాయి. 15 మిల్లీమీటర్ల లోతున్న పళ్లేలకైతే ఈ పద్ధతే కుదరదు.

రెండో ప్లేటు ఎందుకో ఇప్పుడు చెబుతాను. దానికి 40 మందం ఉన్న ఆరిన మామిడి దిమ్మెను స్క్రూలతో బిగించి లేత్ మీద గుండ్రం చేయించాను. దాని ముఖంలో 3 మిల్లీమీటర్ల లోతు, గిన్నె పాదం సరిగ్గా కూర్చునేంత వెడల్పు గుంట తీయించాను. మొదటి ప్లేటు మీద గిన్నె బయట తిప్పేటప్పుడే 80 వ్యాసం పాదం తీసి ఉంచాం. పాదాన్ని ఆ గుంటలో ఫెవికాల్‌తో కూర్చోబెడితే రెండింటి కేంద్రం దానంతటదే కలుస్తుంది. ఒకే ప్లేటు ఉన్నవాళ్లు దిమ్మెను ముందు అతికించి, ప్లేటు ఊడదీసి దిమ్మెకు మార్చి కేంద్రం కోసం తంటాలు పడతారు. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా గోడ ఒక పక్క పల్చన అవుతుంది. రెండో ప్లేటు ఉంటే ఆ తంటా లేదు.

అతికించాక క్లాంపులు వెతుక్కోనక్కర్లేదు. లేత్ మీదే టెయిల్‌స్టాక్ ముందుకు జరిపి, మధ్యలో చెక్క ముక్క పెట్టి నొక్కి రాత్రంతా వదిలేయాలి. అతనికి తొందర. సాయంత్రమే తవ్వుదామన్నాడు, ఫెవికాల్ డబ్బా మీద కొన్ని గంటలేనని రాసుందట. పలకలు అతకడానికి అది చాలు, తిరిగే ముక్కకు చాలదు. షెడ్డుకు తాళం వేసి పంపించాను.

దిమ్మెకు ఏ చెక్క అన్నది వడ్రంగులతో తగువు పెట్టే విషయం. అతని షెడ్డులో ప్లైవుడ్ ముక్కలు గుట్టలుగా ఉన్నాయి. ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడుతుంది, జిగురు నిలిచినా పొర నిలవదు. టేకు ముక్కలూ ఉన్నాయి. టేకు నూనె చెక్క, జిగురు నమ్మకంగా పట్టదు. మామిడి, వేప లాంటివి ఆరినవైతే చాలు. రెండు ముఖాలూ చిత్రిక పట్టినంత సమంగా ఉండాలి. 80 వ్యాసం పాదానికి జిగురు పడే జాగా 50 చదరపు సెంటీమీటర్లు. సమంగా ఆనితే అది ఈ గిన్నెకు చాలినంత కన్నా ఎక్కువ. మధ్యలో వార్తాపత్రిక ముక్క పెట్టి అతికిస్తే తర్వాత ఉలితో ఒక దెబ్బకు విడిపోతుంది. పాత పద్ధతి, మంచిదే, కానీ పట్టు బాగా తగ్గుతుంది. నేర్చుకునేవాళ్ల గౌజ్ నారలో దిగబడి పట్టేసినప్పుడు కూడా విడిపోతుంది. ఇతనికి వద్దన్నాను.

మర్నాడు తవ్వకం. తవ్వడం అంచు నుంచి మధ్యకు, గోడ ముందు, అడుగు తర్వాత. మధ్యలో కొంత చెక్క వదిలి, దానికి టెయిల్‌స్టాక్ ఆనించి వీలైనంతసేపు అలాగే పని చేయించాను. గౌజ్ ఒకటి రెండుసార్లు గట్టిగానే పట్టేసింది. బెల్టు జారింది, దిమ్మె కదలలేదు. మందం క్యాలిపర్‌తో చూస్తే గోడ 9 నుంచి 10, అడుగు 12. పార్టింగ్ టూల్‌తో రెండు వేళ్ల మందం మిగిలేదాకా కోసి, లేత్ ఆపి, మిగతాది చేతి రంపంతో తెంపాడు. అడుగున లప్పం లేదు, ఫెల్టూ లేదు.

చక్ వచ్చాక

దిమ్మె పద్ధతితో కొన్ని గిన్నెలు అయ్యాక అతను చక్ కొన్నాడు. దిమ్మె అతికించి రాత్రంతా ఆగడం ఒక్కటే అసలు ఇబ్బంది. చక్ ఉంటే గిన్నె తిరగేయడం రెండు నిమిషాల పని. ఎంచుకోవడంలో నేను చెప్పినవి కొన్నే. ఒంటికే మర కోసిన రకం వద్దు, మర ముక్క విడిగా మార్చుకునే రకం తీసుకో, రేపు పెద్ద లేత్ కొంటే చక్ పనికొస్తుంది. దవడలు 50 మిల్లీమీటర్లవి. చెక్కకు బిగించే పెద్ద మేకు లాంటి స్క్రూ ఒకటి చక్‌తో వస్తుంది. ముక్క నోటి వైపు ఒక్క రంధ్రం వేసి దాని మీదకు తిప్పి బిగించుకోవచ్చు. చిన్న గిన్నెలకు ఫేస్‌ప్లేటు బదులు అది చాలు. నలభైయాభై మిల్లీమీటర్ల మందం లేని ముక్కలకు మాత్రం వాడొద్దు.

దవడలు ఒక్క వ్యాసం దగ్గరే నిఖార్సైన వృత్తం అవుతాయి. ఆ దగ్గర తోకను చుట్టూ పట్టుకుంటాయి. అంతకన్నా బాగా తెరిచి పట్టిస్తే దవడల మూలలు మాత్రమే కొరుకుతాయి. ఆ వ్యాసం కంపెనీ కంపెనీకి వేరు. కొంచెం తెరిచి కొలుచుకుని గోడ మీద రాసి పెట్టుకోవాలి. తోక వ్యాసం గిన్నె వ్యాసంలో మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా ఉంటే మేలు. ఈ లెక్కన 50 దవడలు 150 గిన్నెకు సరిగ్గా సరిపోతాయి, 200కు కాస్త చిన్నవి. చక్ కొన్నాం కాబట్టి ఏ గిన్నె అయినా తిప్పొచ్చు అన్నది చాలామంది భ్రమ. ఈ లెక్క దాన్ని పోగొడుతుంది.

ఒక గిన్నె ఊడిపోయింది. 200 వ్యాసంది, లోపల అంచు దగ్గర తవ్వుతుండగా గౌజ్ పట్టేసి, తోక విరిగి, గిన్నె షీల్డుకు తగిలి గోడ దాకా పోయింది. మనిషికి ఏమీ కాలేదు. షీల్డు మీద గీత పడింది. విరిగిన తోక దవడల్లోనే ఉండిపోయింది. దాన్ని తీసి కొలిస్తే సంగతి తేలింది. తోక పొడవు 12 మిల్లీమీటర్లు. దవడల లోతు అంత లేదు. తోక కొస చక్ ఒంటికి ఆని ఆగిపోయింది, దాని చుట్టూ ఉండాల్సిన భుజం దవడల పైముఖానికి ఆనలేదు. మధ్యలో కాగితం దూరేంత సందు. అప్పుడు పక్క బలమంతా తోక మొదలు మీదే పడుతుంది, అక్కడ నార అడ్డంగా ఉంటుంది, తేలిగ్గా తెగుతుంది. పొడవు తోక అంటే గట్టి పట్టు అని వడ్రంగికి అనిపించడం సహజం, కుసి ఎంత లోతుగా దిగితే అంత గట్టి కదా. ఇక్కడ తిరకాసు అదే. పట్టేది భుజం. తోక దాన్ని లాగి ఉంచుతుందంతే, బాసు మర లాగినట్టే.

తర్వాత తోక 7 మిల్లీమీటర్లకు తగ్గించాం. దవడల వాలుకు తగ్గట్టు తోక పక్కలు లోపలికి వాలేలా స్క్రేపర్‌తో తీశాడు. భుజం, తోక కలిసే మూల శుభ్రంగా, చివికిన నార లేకుండా ఉండాలి. బిగించేటప్పుడు టెయిల్‌స్టాక్ ముందు నుంచి నొక్కి ఉంచి, తాళం రెండు కన్నాల్లోనూ మార్చి మార్చి తిప్పాలి. ఊడిన గిన్నె పారేయలేదు. విరిగిన చోటు సమం చేసి దిమ్మె అతికించి, రెండో ఫేస్‌ప్లేటు మీద పూర్తి చేశాడు.

తోక బదులు అడుగున గుంట తీసి దవడలను లోపలి నుంచి తెరిచి పట్టించే పద్ధతీ ఉంది. చూడ్డానికి బాగుంటుంది, తర్వాత తీసేయాల్సిన తోక ఉండదు. కానీ గుంట చుట్టూ మందం చాలకపోయినా, తాళం మరీ బిగించినా నార వెంట చీలుతుంది. అతనొకటి అలాగే చీల్చాడు. పళ్లేలకు తప్ప వాడొద్దన్నాను.

పచ్చి చెక్క, మన ఎండలు

నడివేసవిలో పచ్చి వేప మొద్దు ఒకటి దొరికిందని తెచ్చాడు. పచ్చి చెక్క గౌజ్‌కు హాయిగా ఉంటుంది, దూదిలా వస్తుంది. అయితే దానికి ఈ పై లెక్కలు కొన్ని చెల్లవు. ఫెవికాల్ తడి చెక్క మీద నిలవదు, కాబట్టి దిమ్మె పద్ధతి పోయింది. చక్‌లో బిగించిన తోక కూడా నిలకడగా ఉండదు. చెక్క నారకు అడ్డంగా ముడుచుకుంటుంది, నార పొడవునా దాదాపు ముడుచుకోదు, అందుకే గుండ్రటి తోక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బెజవాడ ఎండకు, వడగాలికి భోజనానికి వెళ్లొచ్చేలోపే పట్టు వదులవుతుంది. అందుకే పచ్చి చెక్కకు ఫేస్‌ప్లేటు, లావు స్క్రూలే మేలు. మధ్యలో వదిలి వెళ్తే తిరిగి వచ్చి ప్రతి స్క్రూనూ మళ్లీ బిగించి చూడాలి.

మొద్దును రెండుగా చీల్చి, మధ్యలోని మెత్తటి గుజ్జు భాగం తీసేయించాను, అది ఉంటే పగులు ఖాయం. గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచి మోటుగా తిప్పాడు. పాదం దగ్గర తోకను కావాల్సిన దానికన్నా పెద్దదిగా వదిలాడు, ఆరాక గుడ్డు ఆకారంలో ఉన్నదాన్ని మళ్లీ గుండ్రం చేసుకోవడానికి. కొసనార వైపు మైనం రాసి, ఒకదాన్ని కాగితం సంచిలో చుట్టి నేల మీద, గాలి తగలని మూల పెట్టాడు. రెండింటిలో ఒకటి పగిలింది. అది సంచిలో పెట్టకుండా పక్కన వదిలేసినది. మరొకటి వర్షాకాలం గడిచాక చక్‌లో బిగించి పూర్తి చేశాడు.

ఇప్పుడతని వాడుక ఇలా ఉంది. 150 దాకా చిన్న గిన్నెలు, దసరాకు భరిణెలు చక్ మీద. అంతకన్నా పెద్దవాటికి మొదటి బిగింపు ఎప్పుడూ ఫేస్‌ప్లేటు, తిరగేశాక ముక్కను బట్టి చక్ గానీ దిమ్మె గానీ. చక్ స్పిండిల్ నుంచి ముక్కను ముందుకు నెడుతుంది, ఫేస్‌ప్లేటు బేరింగుకు దగ్గరగా పట్టుకుంటుంది. ఈ తేడా మిడి లేత్‌లో వణుకుగా చేతికి తెలుస్తుందని అతనే చెప్పాడు.

ఈ మధ్య 11 అంగుళాల నిద్రగన్నేరు పలక ఒకటి తెచ్చుకున్నాడు. దానికి 100 ప్లేటు చాలదు. 150ది చేయించమన్నాను, బాసు కొలతలు మాత్రం పాతవే. 500 చుట్లకు 11 అంగుళాలు లెక్కకు సరిపోతాయి గానీ, ముక్క గుండ్రంగా లేకపోతే ఆ వేగం కూడా ఎక్కువే. ముందు రంపంతో మూలలన్నీ తీయించాలి. ఇంకొకటి: బెడ్డు మీద 12 అంగుళాలు తిరిగే లేత్‌లో టూల్ రెస్టు దిమ్మ మీదుగా అంత జాగా ఉండదు. అక్కడ ఎంత ఉందో కొలిచి చెప్పాకే ప్లేటు చేయించమన్నాను. ఇంకా కొలవలేదు.